మానుపిల్లికి ఇచ్చిన గడువు

మా ఇంట్లో మాకంటే ముందే ఒక కుటుంబం దిగింది. వాళ్ళు ముహూర్తం చూసుకోలేదు, పాలు పొంగించలేదు. హాల్లో ఫాల్స్ సీలింగుకూ శ్లాబుకూ మధ్య మూరెడు ఖాళీ ఉంటుంది కదా, అందులోకి పాత ఏసీ పైపు తీసేసిన కంతలోంచి దూరి, ఒక మానుపిల్లి మూడు పిల్లల్ని పెట్టింది. ఆ సంగతి మాకు తెలిసేసరికి గృహప్రవేశానికి ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి.

మానుపిల్లి అంటే వీధుల్లో తిరిగే పిల్లి కాదు. మూతి కోసుగా, ఒళ్ళు నల్లగా, తోక ఒంటితో సమానమైన పొడుగున ఉంటుంది. పగలంతా పడుకుని, పొద్దుగూకాక బయటికొచ్చి పళ్ళూ ఎలుకలూ తింటుంది. తాటిచెట్లెక్కి కల్లు కూడా తాగుతుందని దానికొక పేరుంది. ఇవేవీ నాకు అప్పటికి తెలియవు.

కొత్తగూడలో ఆ ఇంటిని మేము చెట్ల కోసమే కొన్నాం. అంతకుముందు పన్నెండేళ్ళు గచ్చిబౌలిలో తొమ్మిదో అంతస్తులో కిరాయికున్నాం. అక్కడ చెట్టంటే బాల్కనీ కుండీలో కరివేపాకు. ఈ ఇల్లు పాతది. డాబా మీద నిలబడితే ఒకవైపు ఫ్లైఓవర్, దాని వెనక అద్దాల ఆఫీసులు. ఇంకోవైపు ప్రహరీ దాటితే అడవి. దానికి ముందువైపు గేటు పెట్టి, నడిచే దారులు వేసి, తోట అంటున్నారు గానీ మా వెనకవైపు మాత్రం అది అడవిగానే మిగిలింది. ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజు నెమలి అరిచింది. మావారి చెయ్యి గట్టిగా పట్టుకుని "ఇదే" అన్నాను. నెమలి వచ్చే చోటికి ఇంకేమేం వస్తాయని మేమెవరినీ అడగలేదు.

రంగులు వేసేవాళ్ళు ముందు కనిపెట్టారు. "పైన ఎవరో నడుస్తున్నరు మేడం" అన్నాడు మేస్త్రీ, సగం నవ్వుతూ, సగం భయపడుతూ. సీలింగు మూలన పసుపు మరక ఉంది. అన్నం ఉడుకుతున్నట్టు ఒక వాసన, దాని వెనకే మూత్రం కంపు. మావారు చెదలకీ బొద్దింకలకీ మందు కొట్టే వాళ్ళనొకరిని పిలిపించారు. వచ్చినతను సీలింగుకున్న మూత ఎత్తి చూసి, బోను పెట్టి తల్లిని పట్టుకుని ఊరవతల వదిలేస్తానన్నాడు. మరి పిల్లలో అంటే, "అవేం చేస్తయి మేడం, రెండు రోజులు అరుస్తయి, తర్వాత సప్పుడుండది" అన్నాడు. నాకు కోపం నెత్తికెక్కింది. గేటు దాకా తిట్టుకుంటూ సాగనంపాను. సీలింగ్ పని చేసే అతను ఇంకా సులువైన దారి చెప్పాడు. తల్లి మేతకు పోయినప్పుడు కంతకు సిమెంటు పెట్టేస్తే సరిపోతుందట. అతన్నీ వదల్లేదు. ఆ రెండు రోజులూ నేనెంత మంచిదాన్నో చూసుకుని నాకే ముచ్చటేసింది.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. పద్దెనిమిదేళ్ళుగా ఇతరుల పనిలో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. ఇంట్లో కూడా అదే ఉద్యోగం చేస్తానని మావారి ఫిర్యాదు. ఈ మాట ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, ఈ కథలో అందరి తప్పులూ నాకు ముందే కనిపించాయి. నాది ఒక్కటే కనిపించలేదు.

ఒకామె గురించి కాలనీ వాచ్‌మన్ చెప్పాడు. గోడ అవతలి తోటలో, నర్సరీలో మొక్కల పని చేస్తుంది. యాభై దాటిన మనిషి. కొత్తగూడలోనే పుట్టింది. ఇప్పుడు ఫ్లైఓవర్ స్తంభాలున్న చోట వాళ్ళ మేకలు మేసేవట. ఇళ్ళల్లో ఉడుము దూరినా, ముంగిస పిల్లలు పెట్టినా చుట్టుపక్కల వాళ్ళు ఆమెకే కబురు పెడతారు. ఆమె ముందు అటవీశాఖ వాళ్ళకు ఫోన్ చేసి చెబుతుంది, ఆ తర్వాతే చెయ్యి పెడుతుంది. నిజానికి చెయ్యి పెట్టకుండా పంపడమే ఆమె పద్ధతి అని నాకు తర్వాత తెలిసింది.

పని దిగి సాయంత్రం ఐదింటికి వచ్చింది. చెప్పులు బయటే విడిచింది. నిచ్చెనెక్కి, సీలింగు మూత పక్కకు జరిపి, ఫోన్ లైటుకు కొంగు అడ్డం పెట్టి, లోపలికి చాలాసేపు చూసింది. దిగాక కూడా గొంతు తగ్గించే మాట్లాడింది.

"మూడున్నయి మేడం. కండ్లు ఇప్పుడిప్పుడే తెరుస్తున్నయి. తల్లి నన్ను సూశింది గని మీదికి రాలే. మంచి తల్లి."

"ఎప్పుడు తీస్తారక్కా?"

"నేను దీసుడేంది? ఆమెనే దీస్కపోతది."

నిచ్చెన పక్కన గచ్చు మీద కూర్చుని నాకు విడమరిచి చెప్పింది. మానుపిల్లి తల్లికి ఎప్పుడూ రెండు మూడు ఇళ్ళు మనసులో ఉంటాయట. ఉన్నచోట ఇబ్బందిగా ఉంటే, పిల్లల్ని ఒక్కొక్కదాన్నే మెడ దగ్గర పట్టుకుని ఇంకో చోటికి మార్చుకుంటుంది. కాబట్టి మనం చెయ్యాల్సింది ఆ ఇబ్బందిని కొద్దికొద్దిగా పెట్టడమే. మొదట పగటిపూట సీలింగు ఒక మూలన చిన్న బల్బు. రెండు రోజులాగి, ఇంకో మూలన ఎవరో మాట్లాడుతున్నట్టు తక్కువ గొంతులో రేడియో. ప్రహరీ మీదికి వాలిన నేరేడు చెట్టులో కొబ్బరిపీచు పరిచిన చెక్క డబ్బా కడితే, దగ్గర్లోనే ఒక ఇల్లు సిద్ధంగా ఉన్నట్టు.

"జర చిరాకు రావాలె, గంతే. భయం రావద్దు. భయమైతె ఒక్కదాన్ని నోట కరుసుకోని ఉరుకుతది. మిగిలినయి ఆగమైతయి" అంది.

"ఎన్ని రోజులు పడుతుంది?"

"పది పన్నెండు దినాలు. కండ్లు మంచిగ తెరిస్తె ఆమెకు గుడ ధైర్యమొస్తది."

ముహూర్తం తొమ్మిదో రోజున ఉంది. అది దాటితే ఆషాఢం, గృహప్రవేశాలు ఉండవు. గచ్చిబౌలి ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పేశాం. మా వైపు చుట్టాలు తెనాలి నుంచి టిక్కెట్లు తీసుకున్నారు. "వాయిదా వేద్దామా?" అని మావారు ఒక్కసారి అడిగారు, నిజంగానే అడిగారు. నేను వద్దన్నాను. ఆఫీసులో క్లయింటుతో గడువు కోసం బేరమాడినట్టే ఆమెతో ఆడాను. ఒక్క పూటేనక్కా, పొద్దున మొదలై మధ్యాహ్నం భోజనాలతో అయిపోతుంది, ఆ తర్వాత ఇంకో వారం ఎవరూ హాల్లోకి రారు, సీలింగు జోలికి ఎవర్నీ పోనివ్వను.

ఆమె తలెత్తి సీలింగు వైపు చూసింది.

"మేళం గిట పెట్టకుర్రి. మనుషులైతె ఏంగాదు, పగటీలి పండుకుంటది. ఒక్కటి యాదుంచుకో మేడం. పొగ మాత్రం వద్దు. జర కూడ వద్దు. పొగొస్తె అడివంటుకున్నదనుకుంటది. ఇగ ఎవ్వల మాట ఇనదు."

"పొగ రాదక్కా. నాదీ పూచీ" అన్నాను.

ఆ తర్వాత రోజూ సాయంత్రం వచ్చేది. నేను ఆఫీసు నుంచి ముందే బయటపడి ఆమె కోసం చూసేదాన్ని. వెనక సిమెంటు బస్తాల మీద కూర్చుని ఫ్లాస్కులో టీ పంచుకునేవాళ్ళం. మూడో రోజుకి నన్ను మేడం అనడం మానేసి "చెల్లె" అంది. పన్నెండేళ్ళుగా ఈ ఊళ్ళో నన్నెవరూ అలా పిలవలేదు. పైకి చెప్పలేదు గానీ పొంగిపోయాను.

ఏడో రోజున నేరేడు చెట్టెక్కి డబ్బాలోకి చూసి, నవ్వుకుంటూ దిగింది. పీచు నలిగి ఉంది. దాని మీద రెండు నేరేడు గింజలు, కాస్త పెంట.

"ఇల్లు సూసిపోయింది చెల్లె. ఇగ నచ్చిందా లేదా అనేదే. రెండు మూడు దినాల్ల సామాన్లు సదురుకుంటది."

ఇద్దరం నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వాం. నేను ఈ పనిలో ఇంత సంతోషం ఉంటుందనుకోలేదు. మా గృహప్రవేశం, వాళ్ళ గృహప్రవేశం ఒకే వారంలో అవుతాయని మావారికి చెప్పాను. ముహూర్తం దాటిన ఒకటి రెండు రోజులకు ఆ తల్లి తన ముగ్గురినీ తీసుకుని వెళ్ళిపోవాలి. అంతవరకు వాటికి ఏమీ కాకుండా చూడటమొక్కటే నేను ఒప్పుకున్న పని.

చూశాను కూడా. పొగ మీద నేను చేసిన యుద్ధం మా చుట్టాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. రంగుల మేస్త్రీ బీడీ వెలిగిస్తే వీధి చివరి దాకా తరిమాను. దోమల చుట్టలు బయట పారేశాను. సాంబ్రాణి వద్దన్నాను, అగరొత్తులు కూడా వద్దన్నాను. వంటవాళ్ళు వెనక పెరట్లో పొయ్యిలు పెడతామంటే రోడ్డవతలి ఖాళీ ప్లాటులోకి పంపాను. పాలు పిడకల మీద పొంగించాలని మా అత్తగారు పట్టుబట్టారు. గ్యాస్ స్టవ్ మీదే అని నేను పట్టుబట్టాను. "పిల్లి కోసం ఆచారం మానేస్తామా అమ్మా?" అన్నారావిడ. మూడు రోజులు నాతో ముభావంగా ఉన్నారు. అయినా నేనే గెలిచాను.

పంతులుగారు రాయించిన సామాన్ల జాబితా ఆ రోజుల్లోనే నా చేతికొచ్చింది. లింగంపల్లి వెళ్ళి అన్నీ నేనే తెచ్చాను. నవధాన్యాలు, ఎండు కొబ్బరి, ఆవునెయ్యి, రావి పుల్లలు, మోదుగ సమిధల కట్ట. విరిగిన పుల్లలు ఉన్నాయని కొట్టువాడితో పోట్లాడి కట్ట మార్పించుకున్నాను. హోమం ఉందని నాకు తెలుసు. హోమమంటే పొగ అని నాకు తట్టలేదు.

ఎలా తట్టలేదు అని ఎన్నిసార్లు అడుక్కున్నానో లెక్కలేదు. మా ఇళ్ళల్లో హోమాన్ని ఎవరూ పొగ అనరు. కళ్ళు మండుతాయి, ముక్కు కారుతుంది, పట్టుచీర రెండు రోజులు వాసనేస్తుంది. అయినా ఆ మాట నోటికి రాదు. బీడీది పొగ, పొయ్యిది పొగ, బస్సుది పొగ. హోమానిది దేవుడికి చేరేది. నాకే కాదు, మావారికీ తట్టలేదు. పిడకల దగ్గర అంత గొడవపడిన అత్తగారికి కూడా "మరి హోమం మాటేమిటి?" అనాలని తోచలేదు. ఆ ఒక్క మాట ఆవిడ దెప్పిపొడవడానికైనా అని ఉంటే ఎంత బాగుండేది.

ఆమెను నేను బొట్టు పెట్టి భోజనానికి పిలిచాను. ఆమెకీ అనుమానం రాలేదు. వాళ్ళ ఇళ్ళల్లో కొత్తింట్లోకి పోవడమంటే పాలు పొంగించి, యాటను, అంటే మేకనో గొర్రెనో, కోసి నలుగురికి పెట్టడమే.

ఆ రోజు పొద్దున అన్నీ సవ్యంగా జరిగాయి. ఆవు గడప దాటింది. పాలు పొంగాయి, గ్యాస్ స్టవ్ మీదే. తొమ్మిదింటికి హాలు మధ్య ఇటుకలు పేర్చి, ఇసుక పోసి, పంతులుగారు అగ్ని రాజేశారు. గాలికి మంట నిలవడం లేదని ఫ్యాన్లు ఆపించి, కిటికీలు మూయించారు. నేనూ మావారూ పీటల మీద కూర్చున్నాం. స్వాహా అన్నప్పుడల్లా నెయ్యి పోశాను. "చూశారా, అగ్నిహోత్రుడు ఎలా నిలువుగా లేస్తున్నాడో. చాలా శుభం" అన్నారు పంతులుగారు. అందరూ తలలెత్తి చూసి చేతులు జోడించారు. సీలింగులో గుండ్రటి లైట్ల కోసం కోసిన కంతలున్నాయి. అది నిలువుగా లేచి వాటిలోకే పోతోంది.

పన్నెండున్నరకు ఆమె వచ్చింది. ఆకుపచ్చ కొత్త చీర కట్టుకుంది, తలలో కనకాంబరాలు, చేతిలో రంగు కాగితం చుట్టిన స్టీలు గిన్నె. నేను చేతిలో పన్నీరుబుడ్డితో గేటు దగ్గర ఎదురెళ్ళాను. ఆమె లోపలికి అడుగు పెట్టలేదు. ముక్కు ఎగబీల్చింది.

"ఏం కాలవెట్టిన్రు చెల్లె?"

"ఏం లేదక్కా, హోమం..."

ఆ మాట నా నోట్లోంచి బయటికొచ్చాక గానీ నాకు వినపడలేదు.  ఆమె గిన్నెను గోడ మీద పెట్టింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, బంతిలో కూర్చున్నవాళ్ళ మధ్యనుంచి హాల్లోకి నడిచింది. నిచ్చెన ఎక్కడుందో ఆమెకు తెలుసు.

నేను వెనకాల పరిగెడుతుంటే, షామియానా కింద భోజనం చేస్తున్న మా మేనమామ నన్ను ఆపాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. "ఒక నల్లపిల్లి అమ్మా, హోమం మధ్యలో వెనక గోడకున్న కంతలోంచి దూకింది. నోట్లో ఏదో పెట్టుకుని గోడ దాటింది. పోయిందనుకుంటే మళ్ళీ వచ్చింది. మూడుసార్లు లోపలికి దూరబోయింది. శుభమా అని గృహప్రవేశం జరుగుతుంటే పిల్లి ఎదురేమిటి? కర్ర పట్టుకుని నేనే నిలబడ్డాను, పంక్తులు మొదలయ్యేదాకా కదల్లేదు. నీ ముహూర్తం చెడనిచ్చానా?" అన్నాడు. ఆయన్ని నేనేమనగలను? నా మీద ప్రేమతో, ఎండలో, కర్ర పట్టుకుని, ఆ తల్లిని మూడుసార్లు తరిమాడు.

రెండు పిల్లలు మిగిలాయి. హాలుకు వీలైనంత దూరంగా పాక్కుంటూ పోయి, పడకగది చివర గోడకు ముక్కులు ఆనించి ఉన్నాయట. ఆమె వాటిని కొంగులో పెట్టుకుని దిగింది. కొత్త చీర నిండా దుమ్మూ బూజూ. ఒకటి చల్లబడిపోయింది. రెండోది నోరు తెరిచి గాలి పీలుస్తోంది, నా అరచేతిలో సగం కూడా లేదు. చుట్టాలు మూగారు. ఈ సంగతి ఇవాళ బయట అనొద్దని మా పెద్దత్త మెల్లిగా అందరికీ చెప్పింది. అత్తగారు మాత్రం పిల్లను చూసి, "అయ్యో తల్లీ" అంటూ అక్కడే గచ్చు మీద కూలబడ్డారు.

"సప్పుడు ఇనవడలేదా చెల్లె? ఒర్లి ఉంటయి గదా" అంది ఆమె.

"లేదక్కా. మంత్రాలు చదువుతున్నారు" అన్నాను.

అటవీశాఖ వాళ్ళకు ఫోన్ చేసింది. తల్లి వచ్చే అవకాశముంటే సాయంత్రం దాకా చూడమన్నారు, రాకపోతే పశువుల దవాఖానకు తీసుకురమ్మన్నారు. చుట్టాలను మూడింటికే పంపేశాం. షామియానా విప్పించాం. పిల్లను గుడ్డ పరిచిన చెప్పుల డబ్బాలో పెట్టి కంత దగ్గర ఉంచి, మేమిద్దరం మెట్ల కింద కూర్చున్నాం.  పొద్దుగూకింది. తల్లి రాలేదు. పిల్ల ఊపిరికీ ఊపిరికీ మధ్య దూరం పెరుగుతోంది. ఆమె లేచి, "ఇగ ఆగొద్దు, పోదాం" అంది.

మావారు కారు తీశారు. జంక్షన్ దగ్గర ఆఫీసులు వదిలిన వేళ. ముందొక బస్సు, వెనకొక బస్సు, సందుల్లో బైకులు. ఇరవై నిమిషాల్లో ఫ్లైఓవర్ కింది సిగ్నల్ కూడా దాటలేకపోయాం. నేను అద్దం దించి, దారివ్వమని ఎవరెవరి మీదో అరిచాను. వెనక సీట్లో ఆమె ఒడిలో డబ్బా పెట్టుకుని, ఒక వేలితో పిల్ల గుండె మీద రుద్దుతోంది. కాసేపటికి ఆ వేలు ఆగింది.

"ఇగ వద్దు. మలుపుర్రి" అంది.

ఇంటి ముందు దిగి, రెండింటినీ ఒకే గుడ్డలో చుట్టుకుంది. మేమూ వస్తామన్నాను. వద్దంది. నర్సరీలో తనే పూడ్చిపెడతానంది. "మీరు ఇంట్లకు పోర్రి మేడం. కొత్తిల్లు, దీపం కొండెక్కుతది" అంది. అందులో కోపం లేదు. నన్ను మళ్ళీ మేడం అందని నేను గేటు వేస్తూ గ్రహించాను.

మర్నాడు సాయంత్రం ఏడున్నరకు సీలింగులో అడుగులు వినిపించాయి. నేను వంటింట్లో ఉన్నాను. స్టవ్ ఆపేశాను. అడుగులు హాలు మీదుగా వచ్చి, పిల్లలు పుట్టిన మూలన ఆగాయి. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత పడకగది మీదికి పోయాయి, అక్కణ్ణుంచి వంటింటి మీదికి. మళ్ళీ మొదటి మూలకు. ఆ తల్లి ఇల్లంతా వెతుకుతోంది. దాని కింద నేను తలెత్తి నిలబడి ఉన్నాను. కొత్త ఇంట్లో నేను మొదటిసారి ఏడ్చింది అప్పుడే.

ఫోన్ చేస్తే ఆమె ఒకటే చెప్పింది. "కంత మూయకుర్రి మేడం. లేవని ఆమెకే తెల్వాలె. అంతా సూసుకోనియ్యి." కంత అంచున ముగ్గుపిండి చల్లమంది. పొద్దున్నే చూస్తే లోపలికి వెళ్ళిన అడుగులు, బయటికొచ్చిన అడుగులు. రోజూ మావారు చెరిపి కొత్త పిండి చల్లేవారు. తొమ్మిది రోజులు అలా వచ్చింది. ఒక్కో రోజు వెతకడం కాస్త తగ్గేది. చివరి రోజుల్లో మూల దాకా వచ్చి, అక్కడే ఉండి, అటునుంచటే పోయేది. పదో రోజు పిండి మీద అడుగుల్లేవు. ఇంకో మూడు రోజులు చూశాం.

ఆమె వచ్చి ఇనుప జాలీ బిగించి, సిమెంటు పెట్టింది. ఎక్కడా సందు లేదని వేళ్ళతో తడిమి చూసుకుంది. పని అంత శ్రద్ధగానే చేసింది. నేను బొట్టు పెట్టి, ఆ రోజు ఇవ్వాల్సిన చీర ఇచ్చాను. కళ్ళకద్దుకుని తీసుకుంది.

"అక్కా, నోట కరుచుకుపోయిన ఆ ఒక్కటి బతికి ఉంటుందా?"

"ఏమో మేడం. ఉంటె మంచిదే." సంచి సర్దుకుని, గేటు దాకా వెళ్ళి ఆగింది. "ఏమేం జేస్తరని నేను గుడ అడగాల్సుండె. గది నా తప్పే" అంది.

నా తప్పులో ఆమె వాటా తీసుకుంటుంటే నేను వద్దనలేకపోయాను. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు కొంచెం తేలికైంది కూడా. దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

రెండు నెలల తర్వాత గృహప్రవేశం వీడియో వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం అత్తగారు, మావారు, నేను టీవీలో పెట్టుకుని చూశాం. ఆవు రావడం, పాలు పొంగడం అన్నిటికీ పాటలు కలిపారు. హోమం దగ్గర మాత్రం మంత్రాల కోసం అసలు శబ్దమే ఉంచారు. పంతులుగారి గొంతు కింద ఎక్కడో సన్నగా, ఉండుండి ఒక కీచు. మొదట అది వీడియోలో లోపమనుకున్నాను. తెర మీద నేను నెయ్యి గరిటె పట్టుకుని ఉన్నాను. కీచు మళ్ళీ వచ్చింది. తెర మీద నేను తలెత్తాను. సరిగ్గా ఆ మూల వైపే చూశాను. కనురెప్ప వెయ్యకుండా చూశాను. పంతులుగారు స్వాహా అన్నారు. నేను తల దించి నెయ్యి పోశాను.

నాకు గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా ఆ క్షణం నాకు దొరకడం లేదు. కానీ అది నేనే. నా చీర, నా చెయ్యి, నా ముఖం. నేను విన్నాను. మావారు నా వైపు చూడకుండా రిమోట్ కోసం వెతుకుతున్నారు. "ఎంత భక్తిగా చూస్తున్నావమ్మా పైకి!" అన్నారు అత్తగారు, మెచ్చుకోలుగా.

మర్నాడు ఆఫీసు మెట్ల మీద నిలబడి ఆమెకు ఫోన్ చేశాను. క్షేమసమాచారాలు అడిగే ధైర్యం లేక, నేరుగా చెప్పేశాను. "అక్కా, ఆ రోజు నేను విన్నాను. వినలేదని నీకు అబద్ధం చెప్పాను."

అవతల మొక్కలకు నీళ్ళు పడుతున్న చప్పుడు. పైపు ఆపినట్టుంది.

"నాకెరుకే మేడం" అంది.